కొండదారికి అదనపు దీపములు

ఇంట దీపము పెట్టునప్పుడు ఏ గృహిణియు "ఎంత పెద్ద దీపము?" అని మాత్రమే యోచింపదు. వంటయింట పొయ్యిమీద వెలుగు పడవలెను. పెరటిలో మెట్లు కనబడవలెను. పసిబిడ్డ నిద్రించు గదిలో కన్నులకు గుచ్చుకొనని చిన్నదీపము చాలును. దేవుని గూటిలోని ప్రమిదను వాకిట పెట్టినచో గాలికి ఆఱిపోవును; వాకిటి దీపమును పడకగదిలో పెట్టినచో ఎవరికిని నిద్ర పట్టదు. ఇంత వివేకము గల మనము బండికి దీపములు కొనునప్పుడు మాత్రము ఆ పనిని అంగడివానికిని, ఇంటి మగవారికిని విడిచిపెట్టి, బిల్లు వచ్చిన పిదప నిట్టూర్చుచున్నాము. నేడు మన సోదరీమణులలో అనేకులు స్వయముగ కారు నడుపుచున్నారు. నడుపనివారును పిల్లలను ఒడిలో నుంచుకొని ఆ బండిలోనే ప్రయాణము చేయుచున్నారు. కావున ఈ మాసమున ఈ శీర్షికయందు బండి దీపములను గూర్చి ముచ్చటింప దలచితిమి.

విశాఖపట్టణమునుండి ఒక సోదరి మాకు వ్రాసిన జాబే దీనికి కారణము. ఆమె ఇట్లు వ్రాసినది: "మా యింట ఫోర్ వీల్ డ్రైవ్ గల జీపు వంటి బండి కొన్నారు. డిసెంబరు మాసమున అత్తమామలతోను, పిల్లలతోను అరకు, పాడేరు, లంబసింగి పోవ నిశ్చయించితిమి. అచ్చట కాఫీతోటల నడుమ మట్టిబాటలలో కూడ పోవలసియుండును. మా మఱిది బండి కప్పుమీద అడ్డముగ పెద్ద లైట్ బార్ వేయింపవలె ననుచున్నాడు. 'వదినా, రాత్రి పట్టపగలైపోవును చూడు' అని ఊరించుచున్నాడు. మావారు బంపరుకడ రెండు పసుపు దీపములు చాలునందురు. మామగారు కంపెనీవా రిచ్చినవి యుండగా మఱేమియు వలదని పట్టుపట్టి కూర్చున్నారు. బండి నేనును నడుపుదును. ఎవరి మాట వినవలెనో సెలవిండు."

మువ్వురి మాటలలోను కొంత కొంత సత్యము లేకపోలేదు. ఐనను వారందఱును దీపమునుండి యోచన మొదలిడినారు. మేము దారినుండి మొదలిడు మందుము. ఎట్టి దారిని పోవుచున్నాము? ఎంత వేగముతో పోవుచున్నాము? ఏమి కనబడవలెను? మన కెదురుగ ఎవరు వచ్చుచుందురు? ఈ నాలుగు ప్రశ్నలకును ప్రత్యుత్తరము దొరకినచో దీపము నెంచుకొనుట బియ్యములో రాళ్లేరుటకంటె కష్టము కాదు.

మొదట వేగము సంగతి చూతము. గంటకు 20 కిలోమీటర్ల వేగమున ఘాటురోడ్డు మలుపు తిరుగుచున్న బండి సెకనుకు ఐదున్నర మీటర్లు పోవును. అడ్డము కంటబడి, కాలు బ్రేకుమీద పడుటకు రెండు సెకన్లు పట్టుననుకొన్నచో ఆ లోపల 11 మీటర్లు గడచును. వదులు మట్టిమీద బండి నిలుచుటకు ఇంకొక నాలుగైదు మీటర్లు పట్టును. వెరసి సుమారు 16 మీటర్ల మేర స్పష్టముగ కనబడిన చాలును. అదే మట్టిబాటపై 60 కిలోమీటర్ల వేగమున పోవుచున్నచో కాలు బ్రేకుపై పడులోపల 33 మీటర్లు, బండి నిలుచులోపల మఱి 40 మీటర్లు గడచిపోవును. వేగము మూడింతలైనది, కావలసిన చూపు నాలుగింతలు దాటినది. కావున తిన్నని బయలుదారిని వేగముగ పోవువారికి దూరపు వెలుగు కావలయును. మలుపుల దారిని మెల్లగ పోవువారికి ప్రక్కల వెలుగు కావలయును.

మలుపుకడ దూరపు దీపమునకు పనియే లేదు. బండి ముఖ మెటు చూచునో ఆ దీపమును అటే చూచును. దారి ఎడమకు తిరుగుచుండగా ఆ వెలుగు తిన్నగ పోయి లోయమీది గాలిలో కలిసిపోవును. అప్పుడు మనము చూడవలసినది లోయ కాదు. దారి అంచున నున్న రాయి, వాన కోసివేసిన గండి, ప్రక్కన నడచిపోవు మనిషి.

అంగడిలో పెట్టెలమీద "ఇన్ని వేల ల్యూమెన్లు" అని పెద్ద యక్షరములతో అచ్చువేసి యుందురు. ల్యూమెన్ అనగా దీపమునుండి వెలువడు మొత్తము వెలుగునకు కొలత. అది బిందెలోని నీటివంటిది. ఆ బిందెడు నీటిని సన్నని గొట్టముగుండ చిమ్మినచో పెరటి చివరనున్న కొబ్బరిచెట్టు మొదటికి చేరును. జల్లెడగుండ పోసినచో తులసికోట చుట్టును మాత్రమే తడియును. నీరు రెంటను ఒకటే. ఒక దిక్కునకు వెలుగు ఎంత గట్టిగ పోవుచున్నదో తెలుపు కొలతకు క్యాండెలా యని పేరు. ఆ వెలుగు ఒకచోట పడి అచ్చట ఎంత ప్రకాశ మిచ్చుచున్నదో తెలుపు కొలత లక్సు. నిండు పున్నమి వెన్నెల ఒక లక్సులో సుమారు నాలుగవ వంతు మాత్రమే.

90,000 క్యాండెలాల దీపము 300 మీటర్ల దూరమున ఒక లక్సు ప్రకాశ మిచ్చును. 600 మీటర్ల దూరమున అంతే ప్రకాశము కావలెనన్నచో రెండింతలు చాలదు. నాలుగింతలు, అనగా 3,60,000 క్యాండెలాలు కావలయును. దూరము పెరిగినకొలది వెలుగిట్లు పలుచబడుట ప్రకృతి నియమము. దానిని ఏ కంపెనీవారును మార్పజాలరు. కావున ల్యూమెన్లనే చాటుచు, ఎంత దూరమున ఒక లక్సు వెలుగు నిలుచునో చెప్పని పెట్టెను మాఱుమాట లేక ప్రక్కన పెట్టుడు.

ఇక వెలుగు పరచుకొను తీరునుబట్టి అదనపు దీపములు ముఖ్యముగ నాలుగు తెగలు. మొదటిది స్పాట్ లైటు. దీని వెలుగు సూదివలె సన్నముగ, బహుదూరము పోవును, ప్రక్కల చీకటియే. రెండవది డ్రైవింగ్ లైటు. ఇది దూరము పోవుచునే కొంత వెడల్పునుగూడ చూపును. బండి హై బీమునకు తోడుగ వెలుగవలసినది. మూడవది ఫ్లడ్ లైటు. ఇది దగ్గఱలో కుడియెడమల విస్తారముగ పఱచుకొనును. మెల్లగ రాళ్లదారిని పోవుటకును, గుడారము వేసికొనుటకును, బండి చక్రము మార్చుకొనుటకును పనికివచ్చును. నాలుగవది ఫాగ్ లైటు. దీని వెలుగు చాపవలె వెడల్పుగ నేలనంటి పఱచుకొనును. పైయంచు కత్తితో కోసినట్లుండి, ఆ గీతకు పైన వెలుగు మిక్కిలి స్వల్పము. లైట్ బార్ అని పిలుచు పొడవాటి దీపములలో అనేకము స్పాటును, ఫ్లడ్డును కలిపినవి: నడిమి గాజులు దూరమునకు, అంచుల గాజులు ప్రక్కలకు వెలుగు నిచ్చును. వానికి పైయంచు కోత సాధారణముగ ఉండదు. ఈ యొక్క మాట జ్ఞప్తియందుంచుకొనుడు, ముందు పనిబడును.

ఇంత పెద్ద దీపములు ఎచ్చట అవసరమగుచున్నవని కొందఱు అడుగవచ్చును. మెక్సికో దేశమున బాహా యను ద్వీపకల్పము కలదు. అచ్చట 1967లో మొదలైన యెడారి బండ్ల పందెము నేటికిని జరుగుచున్నది. దారిలేని యిసుకలోను, రాళ్లలోను, రాత్రియంతయు, ముందు బండి లేపిన దుమ్ములో దూసికొని పోవువారికి దూరపు దీపములు ప్రాణాధారములు. ఆస్ట్రేలియాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములవారికిని ఈ యవసరము తెలియును. ఊళ్లకు దూరముగ, గంటలకొలది తిన్నగ సాగు దారులలో సంధ్యవేళ కంగారూలు హఠాత్తుగ అడ్డము దుముకును; వానిని దూరమునుండియే చూడవలయును. వారి దారికి వారి దీపము తగియున్నది. అనంతగిరి మలుపులలో అదే దీపము పెట్టుట పడవ తెడ్డుతో పులుసు కలుపుటవంటిది.

దగ్గఱ వెలుగు మితిమీఱినను చేటే. బండి ముందు పది మీటర్ల మేర తెల్లగ మెఱయుచున్నచో మన కనుపాప ముడుచుకొనును. అప్పుడు దూరముననున్నది మునుపటికంటె చీకటిగ తోచును. నడుపువారికి "ఆహా, ఎంత వెలుగు!" అను తృప్తి మాత్రము మిగులును. మంచి దీపము దగ్గఱ తక్కువగను, దూరమున ఎక్కువగను వెలుగును పంచి, అంతటను సమముగ తోపజేయును. ముద్దలు ముద్దలుగ, చారలు చారలుగ నేలమీద పడు వెలుగు చవుకదీపమునకు గుఱుతు.

దీపమును ఎంత ఎత్తున పెట్టవలెనన్నది తరువాతి ప్రశ్న. చెవికమ్మ శీల నేలమీద జాఱిపడినప్పుడు మన పెద్దవారు దీపమును నేలకు దించి వెదకుట మీరు చూచియుందురు. వెలుగు నేలనంటి ప్రక్కనుండి పడినప్పుడు చిన్న వస్తువునకును పొడవైన నీడ యేర్పడి కంటికి చిక్కును. బండి దీపమునకును ఇదే సూత్రము. బంపరుకడ తక్కువ యెత్తున నుండు దీపము దారిలోని గుంటను, రాతిని నీడతో సహా చూపును. కప్పుమీది దీపము పైనుండి పడుటచే నీడలు కుఱుచలై, గుంటలు నిండిపోయినట్లు భ్రమ కలుగును. అంతేకాక కప్పుమీది వెలుగు బండి ముందుఱేకుపై పడి తిరిగి కన్నులలోనికే కొట్టును. ఎత్తున నుండుటచే దూరపు మిట్టపల్లములు కనబడునను లాభము దానికి లేకపోలేదు. అది గాలి తేటగనున్న బయలులోనే.

మంచులో ఐనచో ఆ లాభముగూడ పోవును. అన్నము గంజి వార్చునప్పుడు లేచు ఆవిరిమీద టార్చిలైటు వేసి చూడుడు. టార్చిని కంటిప్రక్కన పట్టుకొన్నచో ఆవిరి తెల్లని తెఱవలె అడ్డము నిలిచి, వెనుకనున్న గిన్నె కనబడదు. అదే టార్చిని నడుమునకు దించి క్రిందినుండి వేసినచో తెఱ పలుచనై గిన్నె కనబడును. పొగమంచులోని ప్రతి నీటికణమును వెలుగును అన్నివైపులకు చెదరగొట్టును. దీపము కంటికి దగ్గఱగ నున్నకొలది ఆ చెదరిన వెలుగు తిరిగి కంటికే వచ్చును. కంటికి దూరముగ, క్రిందుగ నున్నకొలది మన చూపు పోవు దారిలో వెలిగిన మంచు తక్కువగ నుండును. కావుననే ఫాగ్ లైటును బంపరు క్రింద పెట్టి, దాని పైయంచును కోసివేసినారు. మంచులో హై బీము వేయుటయు, కప్పుమీది బారు వేయుటయు ఒక్కటే. మనకు మనమే తెల్లగోడ కట్టుకొనుట.

ఇక రంగుల సంగతి. పసుపు వెలుగు మంచును చీల్చుకొని పోవునని లోకములో ప్రతీతి. ఇందు కొంత పొరపాటున్నది. ఆకాశము నీలముగ కనబడుటకు కారణము గాలిలోని అతిసూక్ష్మమైన అణువులు నీలిరంగును ఎక్కువగ చెదరగొట్టుట. మంచుబిందువు లంత చిన్నవి కావు. ఒక్కొక్క బిందువు సుమారు మిల్లీమీటరులో నూఱవ వంతుండును. వెలుగు తరంగము మిల్లీమీటరులో రెండువేలవ వంతు. తనకంటె ఇరువది యింతలు పెద్దదైన బిందువుముందు పసుపైనను, తెలుపైనను, నీలమైనను ఇంచుమించు ఒకే తీరున చెదరిపోవును. కావున మంచులో దీపము నాటిన చోటును, పైయంచు కోతయు మొదట లెక్కకు వచ్చును, రంగు తరువాత.

అట్లని పసుపునకు గుణమే లేదని మేము చెప్పము. నీలము కలిసిన చల్లని తెలుపు, అంతే ప్రకాశము గల పసుపుకంటె కన్నులకు ఎక్కువ బాధ కలిగించును. తిరిగి కంటిలో కొట్టు వెలుగునుండి నీలమును తీసివేసినచో చూపునకు హాయిగ నుండును. గంటలకొలది నడుపువారికి అలసట తగ్గును. మంచుకంటె సన్నమైన ధూళిలో నీలము మఱికొంత ఎక్కువగ చెదరును గనుక అచ్చట పసుపు మేలే. ఫ్రాన్సు దేశమువారు 1936లో చట్టము చేసి బండ్లకన్నిటికి పసుపు హెడ్ లైట్లనే నిర్బంధించి, 1993 వఱకు ఆ పద్ధతినే నడిపినారు. పిదప ఐరోపా దేశము లన్నిటితో పాటు తెలుపునకు మాఱినారు. ఏబదియేండ్లకు పైబడి ఒక దేశము పాటించిన పద్ధతి వట్టి మూఢవిశ్వాసము కాదు. ఐనను దానిని విడిచిన పిదప ఆ దేశము చీకటిలో మునిగిపోనును లేదు.

దీపమునకు రంగు మూత వేయునప్పుడు ఒక సంగతి గుర్తింపవలెను. మూత వెలుగును పుట్టింపదు. ఉన్నదానిలో కొంత దిగమ్రింగి మిగిలినదానిని పంపును. లేత పసుపు మూత కొద్దిగ మాత్రమే మ్రింగును. నారింజచాయ గల ఆంబరు మూత అంతకంటె ఎక్కువ మ్రింగును. దాని వెలుగులో ఎఱ్ఱమట్టికిని, ఎండుటాకునకును, పచ్చగడ్డికిని భేదము తగ్గిపోవును. ఎఱుపు మూత తెల్లదీపములో అధికభాగమును మ్రింగివేయును గనుక దారి చూచుటకు పనికిరాదు. కాని విడిదికడ దానికొక యుపయోగము కలదు. చీకటికి కన్నులు పూర్తిగ అలవాటుపడుటకు 20 నుండి 30 నిమిషములు పట్టును. మసక యెఱ్ఱని వెలుగు ఆ యలవాటును తక్కువగ చెఱచును. పిల్లలకు నక్షత్రములు చూపదలచినవారు గుడారములో ఎఱ్ఱదీపము పెట్టుకొనవచ్చును. వంటచేసికొనుచోట ఆంబరు దీపము మేలు; తెల్లని, నీలపుచాయ గల దీపముకంటె దీనికి పురుగులు తక్కువగ మూగును. సాంబారులో దీపపుపురుగు పడకుండుటయు ఒక శాస్త్రమే గదా.

నీలపు దీపములను, మినుకుమినుకుమను ఎఱుపు నీలము దీపములను బండిముందు అలంకారముగ పెట్టు దుర్వ్యసనము యువకులలో కనబడుచున్నది. అవి ఆంబులెన్సులు, అగ్నిమాపక బండ్లు, పోలీసులవంటివారి యత్యవసర కార్యములకై విడిచినవి. 2017 మే 1వ తేదీనుండి మంత్రుల, అధికారుల కార్లమీది ఎఱ్ఱబుగ్గలనే తీసివేసినారు. మన మఱదులకు మినహాయింపు లేదు.

చట్టము మాట వచ్చినది గనుక ముఖ్యమైనదానిని చెప్పుదుము. మనదేశమునందలి కేంద్ర మోటారు వాహన నియమములు, 1989లో 111వ నియమము బండిముందు స్పాట్ లైటునుగాని, సెర్చి లైటునుగాని ఉంచరాదనియు, ప్రత్యేక పరిస్థితులలో రిజిస్ట్రేషను అధికారి సమ్మతితోనే ఉంచవచ్చుననియు చెప్పుచున్నది. దీపముపై నల్లని మూత తొడిగితిమి గదా యని తప్పించుకొన జూచుట తగదు. కొనుటకు ముందే రవాణా కార్యాలయమున అడిగి తెలిసికొనుట ఉత్తమము. అడవిదారులకు వేఱు కట్టుబాట్లుండును. అమ్రాబాద్ పులుల అభయారణ్యముగుండ శ్రీశైలము పోవు దారిని రాత్రివేళ మూసివేయుదురు. ఎంత పెద్ద దీపమున్నను అచ్చట అది పనికిరాదు, పనికిరాకుండుటయే న్యాయము.

చట్టమున కంటె పెద్దది మఱొకటి కలదు. వేకువజామున ఘాటురోడ్డు ప్రక్కన తలమీద గంపతో, చంకలో బిడ్డతో సంతకు నడచిపోవు గిరిజన స్త్రీని తలచుకొనుడు. ఎదురుగ మోటారుసైకిలుమీద ముగ్గురు వచ్చుచుందురు. పైయంచు లేని మన బారు వెలుగు వారి కన్నులలో పడినచో కొన్ని సెకన్లపాటు వారికి ఏమియు కనబడదు. 40 కిలోమీటర్ల వేగమున పోవువాడు ఐదు సెకన్లలో 55 మీటర్లు గ్రుడ్డిగ పోవును. ఆ 55 మీటర్లలో ఒక మలుపుండవచ్చును. ఆ స్త్రీయు ఉండవచ్చును. కన్నులు చీకట్లుక్రమ్మినవాడు మన బండిమీదికే రావచ్చును. పెద్దవయసువారికి, కంటిలో శుక్లము మొదలైనవారికి ఈ బాధ ఇంకను అధికము. మనకు రాత్రి పగలగుటకై ఎదుటివారి రాత్రిని కటికచీకటి చేయు హక్కు మనకు లేదు.

కొన దలచినవారు మఱికొన్ని సంగతులు చూడవలెను. 55 వాట్ల హాలోజన్ దీపములు రెండు వెలిగించినచో 12 వోల్టుల బ్యాటరీనుండి సుమారు 9 ఆంపియర్ల విద్యుత్తు పోవును. అంత విద్యుత్తును సన్నని స్విచ్చి తీగలగుండ పంపినచో తీగ వేడెక్కి తొడుగు కరగును. బండి తగులబడు ప్రమాదమును కలదు. బ్యాటరీనుండి మందమైన తీగ, దాని మొదటనే తగిన ఫ్యూజు, నడుమ రిలే, ఈ మూడును తప్పనిసరి. డ్రైవింగ్ లైట్లను హై బీముతో కలిపి, డిప్పరు వేయగనే అవియు ఆఱునట్లు చేయింపుడు. బండితో వచ్చిన తీగలను కోసి అతికించుట కొప్పుకొనకుడు. వారంటీకి చిక్కు రావచ్చును. ఎల్.ఈ.డి. దీపము అంతే వెలుగునకు ఎంతో తక్కువ విద్యుత్తు తీసికొనును గనుక నేడు అదియే వాడుకలో ఉన్నది. అమెరికా, కెనడాలలోని మన సోదరీమణులు మాత్రము ఒకటి గమనింపవలెను: ఎల్.ఈ.డి. గాజు హాలోజన్ గాజువలె వేడెక్కదు గనుక దానిపై పడిన మంచు కరగక పేరుకొనును. నడుమ నడుమ దిగి తుడువవలయును.

హాలోజన్ బల్బునకై చేసిన హెడ్ లైటులో ఆ బల్బును తీసి చవుకైన ఎల్.ఈ.డి. బల్బు పెట్టుట నేడు వాడుకైనది. ఆ హెడ్ లైటు గిన్నెను హాలోజన్ తీగ యున్న చోటునుబట్టి మలచినారు. వెలుగు పుట్టుచోటు మాఱినచో పైయంచు చెదరి, మన దారిపై తగ్గి, ఎదుటివారి కన్నులలో పెరుగును. ఇడ్లీరేకులో దోసె పోసినట్లగును. ఇక దుమ్ము, నీరు చొరకుండుటకు పెట్టెపై ఐ.పి. అను అక్షరముల ప్రక్కన రెండంకె లుండును. మొదటి అంకె 6 అయినచో దుమ్ము చొరదు. రెండవది 7 అయినచో ఒక మీటరు నీటిలో అరగంట మునిగినను చెడదు. వాగులు దాటువారు 67కు తక్కువైనది కొనరాదు.

దీపము బిగించిన పిదప ఇంటిముందే పరీక్షింపవచ్చును. చదునైన నేలమీద గోడకు 10 మీటర్ల దూరమున బండి నిలుపుడు. ప్రయాణమున ఎంతమంది కూర్చుందురో అంతమందిని కూర్చుండబెట్టి, సామానులను వెనుక ఎక్కింపుడు. వెనుక బరువు పెరిగినచో ముందుభాగము పైకెత్తి, ఖాళీబండిలో సరిగనున్న వెలుగు ఎదుటివారి కన్నులకు ఎక్కును. ఈ యొక్క సంగతిని మెకానిక్కులును మఱచుచుందురు. ఎన్ని పెట్టెలు, ఎన్ని పచ్చడిజాడీలు ఎక్కునో ఇంటి యిల్లాలికే తెలియును గదా. గోడమీద దీపపు నడిమియెత్తున సుద్దతో గీత గీయుడు. ఫాగ్ లైటు పైయంచు ఆ గీతకు సుమారు 20 సెంటీమీటర్లు క్రిందుగ పడవలెను. పైన పడినచో దించి బిగింపుడు.

ఇప్పుడు మా సోదరి ప్రశ్నకు సమాధానము. మొదట మామగారి మాట పాటింపుడు: కంపెనీవా రిచ్చిన హెడ్ లైట్లను శుభ్రపఱచి, ఎండకు పసుపెక్కిన ప్లాస్టికు ముఖము లున్నచో మెఱుగుపెట్టించి, వెలుగు సరియైనచోట పడునట్లు బిగింపజేయుడు. సగము కొఱత దీనితోనే తీఱును. పిదప మీ వారి మాట: బంపరుకడ, పైయంచు కోత గల వెడల్పు ఫాగ్ లైట్లు ఒక జత, ఇష్టమైనచో పసుపు. మీరు పోవు దారులకు ఇంతకు మించి ముందువైపున అక్కఱలేదు. మఱిదిగారు నొచ్చుకొనకుండ వారి డబ్బుతో వెనుకవైపున వెడల్పు వెలుగు గల చిన్న తెల్లదీప మొకటి వేయింపుడు. కాఫీతోటల ఇఱుకుబాటలో రాత్రి బండి వెనుకకు తీయునప్పుడు, ఒకరు దిగి చేయి చూపుచుండగా, దాని విలువ వారికే తెలియును. అది వెనుకకు తీయునప్పుడు మాత్రమే వెలుగవలెను.

మంచులో నడుపునప్పుడు లో బీము, ఫాగ్ లైట్లు వేసికొని, వేగము తగ్గించి, ముందు బండికి దూరముగ ఉండుడు. నాలుగు మూలల ఇండికేటర్లను ఏకకాలమున మినుకుమనిపించుచు నడుపరాదు; అట్లు చేసినచో మీరెటు తిరుగుదురో వెనుకవారికి తెలియదు. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగికి మంచుతెరలు చూచుటకై జనులు తెల్లవాఱకమునుపే చేరుకొన తొందరపడుదురు. ఆ తొందర వలదు. ముందటి సాయంకాలము వెలుగుండగనే చేరి అచ్చటనే రాత్రి గడపినచో, ఉదయమున వాకిట నిలుచుండియే మంచును చూడవచ్చును. బండి ముక్కు కనబడనంత దట్టముగ మంచు క్రమ్మినచో ఏ దీపమును, ఏ రంగును సాయపడదు. దారికి పూర్తిగ ఎడముగ, మలుపు కాని విశాలమైన చోట నిలిపి, ఎండ వచ్చువఱకు ఫ్లాస్కులోని కాఫీ త్రాగుచు కూర్చుండుడు.

ఈ విషయమున తమ యనుభవములు గల సోదరీమణులు, విశేషించి కొండప్రాంతములలో నివసించుచు ప్రతిదినము ఆ దారులలో బండి నడుపువారు, మాకు వ్రాసి పంపినచో వచ్చు సంచికలలో సంతోషముతో ప్రకటింతుము.